తాలు ఏరిన పలక

ఉక్తలేఖనం అనే మాటను ఎవరైనా నాకు ఉక్తలేఖనంలో ఇచ్చి ఉంటే, నేను మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా వెళ్ళేదాన్ని కాదు. అలాంటి నన్ను మా అత్తగారి ఊళ్ళో 'చదువుకున్న కోడలు' అనేవాళ్ళు. రొంపిచెర్లకు దగ్గరి ఊరు మాది. సాగర్ కాలవ మా చేల దాకా ఇంకా రాని రోజులవి. ఎవరింటికి ఉత్తరం వచ్చినా నాకు కబురొచ్చేది. నేను చదివింది ఇక్కడివాళ్ళు నమ్మేవాళ్ళు. నేను రాసింది అవతలి ఊరివాళ్ళకు ఎంతవరకు అర్థమయ్యేదో, పాపం, వాళ్ళు ఎప్పుడూ తిరిగి రాసి చెప్పలేదు.

ఆ పేరు ఉన్నందుకే మా ఆయన అన్నగారి కూతురికి అక్షరాలు దిద్దించే పని నా నెత్తిన పడింది. పిల్లకు ఏడేళ్ళు. రెండో తరగతి పేరుకు న్యాయం చేస్తున్నట్టు అందులోనే రెండో ఏడు కూర్చుంది. మందమతి అందామంటే కాదు. ఆదివారం బడిలో వాక్యాలు కంఠతా చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పాస్టరుగారు మెచ్చుకుని మిఠాయి ఇచ్చేవారు. అందుకని పిల్లకు చదువు రావడం లేదని బడిలో మాస్టారు చెబితే ఇంట్లో ఎవరూ మొదట నమ్మలేదు. నోటికొచ్చిందంతా చేతికి రాదని మాకు అప్పటికి తెలియదు.

పలక చూస్తే తెలిసింది. ఆదివారం గుడికి అందరికంటే ముందు పోయే పిల్ల, పలక మీద అక్షరానికి గుడి పెట్టడం మరిచిపోయేది. కొమ్ములన్నీ మా గేదెలకే వదిలేసింది. మా బావగారు తలకట్టు లేకుండా గడప దాటేవారు కాదు, ఆయన కూతురి అక్షరాలేమో తలకట్టు లేకుండా పలకంతా తిరిగేవి. ఇక ఒత్తులు సరేసరి, ఒక అక్షరం కింద ఉండవలసింది పక్కింట్లో కాపురం పెట్టేది. అమ్మను 'అమ' చేసింది, నాన్నను 'ననా' చేసింది. పిన్నిని కాబట్టి నేను మాత్రం తప్పించుకుంటానా, 'పిని'నై ఊరుకున్నాను.

సంక్రాంతి సెలవులు అయిపోయాక మాస్టారు బావగారిని దారిలో ఆపి, ఎండాకాలం పరీక్షలో ఉక్తలేఖనం, అదే డిక్టేషన్ మాటలు సగమైనా సరిగ్గా రాస్తే మూడో తరగతికి పంపుతానని, లేకపోతే మళ్ళీ ఏడు ఇక్కడేనని చెప్పారట. ఆ సాయంత్రం బావగారు నులకమంచం మీద కూర్చుని అక్కతో, అంటే మా తోడికోడలితో అన్న మాట నేను తలుపు వెనక నుంచి విన్నాను. ఆ రోజుల్లో బావగారి ముందుకు రావడానికి తలుపొక్కటే నాకు దారి.

"మళ్ళీ ఏడెందుకంట? పాసయితే పోయుద్ది, లేకపోతే కల్లంలో కూచుని తాలు ఏరుద్ది. దాని చెయ్యి చానా చురుకు."

ఆయన కోపంగా అనలేదు. కూతురి చేతిని చూసి గర్వపడే అన్నారు. అదే మాకు ఇబ్బంది. మిరపకాయలు ఎండాక కొన్ని ఎరుపు తేలిపోయి తెల్లటి మచ్చలు పడతాయి. అవి తాలు. కుప్పలో తాలు కలిసిందంటే మొత్తం కాయలకే ధర తెగిపోతుంది. అందుకని ఆడవాళ్ళం వరసగా కూర్చుని, ఎవరి కుప్ప వాళ్ళు ముందు పోసుకుని, తాలంతా ఏరి పక్కన పెట్టేవాళ్ళం. మాలో ఎవరికీ ఆ పిల్లకున్న చెయ్యి లేదు. కాయను చూసినట్టే ఉండేది కాదు. కోడిపెట్ట గింజ పొడిచినట్టు వేలు వెళ్ళి తాలు మీదే వాలేది.

మర్నాడు రోటి దగ్గర అక్క నా పక్కన కూర్చుంది. ఆమె బడి మొహం చూడలేదు. చిన్నప్పటి నుంచీ కల్లమే ఆమెకు బడి.

"చెల్లే, నువ్వెట్టా చేస్తావో నాకు తెలవదు. దాన్ని మాత్రం నా పక్కన కల్లంలో కూచోబెట్టమాక" అంది.

సరేనన్నాను. ఎట్టా చేయాలో నాకూ తెలవదని అనడానికి నోరు రాలేదు.

మొదట మా మిషను బడి పద్ధతి పట్టాను. ఒక మాట రాసిచ్చి కింద దిద్దమన్నాను. అచ్చు గుద్దినట్టు దిద్దింది. సంతోషపడి పలక తుడిచేసి, ఇప్పుడు నేను చెబుతాను రాయి అంటే మళ్ళీ అమకు అమ్మ పోలికే లేదు. తరువాత బెల్లం ఆశ పెట్టాను. మాటకొక ముక్క అన్నాను. పిల్ల మొహం చూసి రానివాటికి కూడా పెట్టేశాను, బెల్లం అయిపోయింది, ఒత్తులు రాలేదు. చివరికి గట్టిగా కసిరాను. పిల్ల ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టబోయి నేనూ ఏడ్చాను. అప్పుడే కాయలు ఎత్తి వచ్చిన చేత్తో కళ్ళు తుడుచుకున్నాను కాబట్టి, దాని ఏడుపు ఆగిపోయాక కూడా చాలాసేపు నా ఏడుపు ఆగలేదు. పిల్లే చెంబుతో నీళ్ళు తెచ్చి నా మొహం కడిగింది. ఆ ఒక్క పాఠం ఇద్దరికీ బాగా వంటబట్టింది.

ఏరుడు మొదలయ్యాక ఇంట్లో చెప్పడానికి తీరిక లేకపోయింది. బడి లేని రోజున పలక కూడా కల్లానికే తీసుకుపోయాను. పిల్ల నా పక్కన కూర్చుని ఏరుతుంటే, నేను దిద్దడానికి మాటలు రాసిపెడుతున్నాను. కల్లంలో ఉన్నాం గదా అని 'మిరపకాయ' రాయబోయాను. సగంలో ఉండగా ఘాటు ముక్కులోకి పోయి తుమ్ము వచ్చింది. తుమ్మి, మిగతాది రాసి, పలక పక్కన పెట్టాను.

పిల్ల చెయ్యి కుప్ప మీదే ఉంది. కన్ను పలక మీదికి ఒకసారి పోయి వచ్చింది.

"పిన్నీ, అది తాలు."

నేను కుప్పలోకి చూశాను. "ఏదే?"

"కాయ కాదు. పలక మీదది. నడాన ఏందో పోయింది."

చూస్తే 'మిరకాయ' అని ఉంది. తుమ్ముతో పాటు ఒక అక్షరం ఎగిరిపోయింది. ఒక్క మాటా సరిగ్గా రాయలేని పిల్ల, చదువుకున్న కోడలి తప్పును పక్కచూపుతో పట్టేసింది. చిన్నబుచ్చుకోవలసిన సమయమే గానీ నాకు లేచి గంతులేయాలనిపించింది. అంతవరకూ దాన్ని తప్పు లేకుండా రాయమనే అడిగాను. తప్పు ఏరమని ఒక్కసారీ అడగలేదు.

అప్పటికప్పుడు పలక నిండా మాటలు రాసి, అందులో కావాలని ఒక తాలు కలిపి, ఏరమన్నాను. ఏరింది. రెండు కలిపాను. రెండూ ఏరి మూడోది కూడా చూపించింది. మూడోది కూడా నేను కావాలనే కలిపానని చెప్పుకున్నాను. అలా కొన్నాళ్ళు ఆడాక, ఒకరోజు నేను చెప్పి దాని చేత రాయించి, నీ మాటల్లో తాలు నువ్వే ఏరుకో అన్నాను. పలకకేసి చూసి అన్నీ బాగున్నాయంది. అన్నీ బాగోలేవు.

ఇక్కడ నాకు కల్లమే పనికొచ్చింది. కోసుకొచ్చిన రోజున పండుకాయలన్నీ ఎర్రగానే ఉంటాయి. ఆ పూట ఎంత పెద్ద కన్నున్నవాళ్ళయినా తాలు ఏరలేరు. ఎండబోసి, వాటి మానాన వాటిని వదిలేసి, ఎండాక వచ్చి చూడాలి. అప్పుడుగానీ ఏది ఏదో బయటపడదు. రాసిన మాట కూడా రాసిన నిమిషాన పచ్చిగానే ఉంటుందని పిల్లకు చెప్పాను. రాసి, పలక బోర్లించు. పోయి ఒక ఒడి కాయలు ఏరిరా. ఈలోగా మాటలు ఎండుతాయి.

పోయి ఏరి వచ్చింది. పలక తిప్పింది. "అమ్మో, ఎన్ని తాల్లో" అని తనే నవ్వింది. తన తప్పు చూసి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. వేలు తడి చేసుకుని ఒక్కొక్కటే చెరిపి దిద్దుకుంది. ఇంకో వారం పది రోజులు గడిచేసరికి తాలు తగ్గింది. పల్లానికి నీళ్ళు మళ్ళినట్టు ఒత్తులు ఎవరింటికి అవి చేరాయి. అక్క పనిలోంచి తల ఎత్తకుండానే అంతా వింటూ ఉండేది. పిల్ల ఒక తాలు పట్టినప్పుడల్లా ఆమె కుప్ప మీద చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

నాకు రెండు భయాలు మిగిలాయి. ఇన్నాళ్ళూ కల్లంలోనే ఉండడం వల్ల పిల్ల చెయ్యి ఇంకా చురుకెక్కింది. బావగారు అటుగా వచ్చినప్పుడల్లా ఆ చేతిని చూసి మీసం మీద చెయ్యి వేసుకునేవారు. రెండోది పరీక్ష ముందు రోజుగానీ నాకు తట్టలేదు, నా తెలివి అంతటిది. డిక్టేషన్ రోజు పిల్లలను వీపుకు వీపు కూర్చోబెడతారు. ఆఖరి మాట చెప్పగానే పలకలు బోర్లించాలి. మాస్టారు వచ్చి తీసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మరి తాలు ఎప్పుడు ఏరుతుంది? ఈ మాట పిల్లకు చెప్పి భయపెట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఊరుకున్నానన్నమాటే గానీ మర్నాడు పొద్దున కల్లానికి మజ్జిగ తీసుకుపోతూ, దారి కాకపోయినా బడి వైపు నుంచే పోయాను. కిటికీ ఊచల దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

ఆఖరి మాట అయిపోయింది. పలకలన్నీ బోర్లించి ఉన్నాయి. మాస్టారు ఆ చివరి నుంచి ఒక్కొక్కటే తీసి చూస్తూ వస్తున్నారు. మా పిల్ల జత మిగలక ఈ చివర, గోడకు వీపు పెట్టి కూర్చుంది. నేల మీద రాలిన బలపం ముక్కలను, కుప్ప ముందు కూర్చున్నట్టు, తెల్లవి ఒక పక్కకు, నల్లవి ఒక పక్కకు ఏరుతోంది. మాటలు ఎండనిస్తోందని నాకు అర్థమయింది. కొంచెం సేపటికి చేతులు దులుపుకుని, ఎవరినీ అడగకుండా, పలక తిప్పింది. వేలు తడి చేసింది. చెరిపింది, రాసింది.

మాస్టారు చూడనే చూశారు. "ఏమే, బోర్లించిన పలక ఎందుకు తీశావు?"

పిల్లలంతా తిరిగి చూశారు. మా పిల్ల లేచి నిలబడింది.

"తాలు ఏరుతున్నా మాస్టారూ."

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు నవ్వలేదు. ఆయనవీ మిరప చేలే, సెలవుల్లో ఆయనా కల్లంలో కూర్చునే మనిషే. వచ్చి పలక చేతిలోకి తీసుకున్నారు. పిల్ల వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు, చూసి రాయడానికి గోడకు చదువు రాదు. చెరిపిన చోటల్లా తడి ఇంకా ఆరలేదు. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"ఏరటం అయిందా?"

"ఇంకోటేదో ఉంది మాస్టారూ. కనపడట్లే."

"సరే, చూసుకో. అయినాకే ఇయ్యి" అని పలక తిరిగి ఇచ్చేసి, మిగిలినవాళ్ళవి చూడడానికి వెళ్ళిపోయారు.

ఆ ఇంకోటి దానికి దొరకలేదు. దొరకదు కూడా. ఒక్క మాట తప్ప అన్నీ సరిగ్గా రాసింది. ఆ ఒక్కటీ 'శుబ్రం'. శుభ్రానికి ఉండవలసిన భకారం మా మిషను బడి రోజుల నుంచీ నా చేతిలో ఎప్పుడూ బకారమే. నా శుభ్రంలో కొంచెం మురికి ఎప్పుడూ ఉండేది. అదే పిల్లకూ అంటించాను. దాని సొంత తప్పు ఒక్కటీ లేదు. మూడో తరగతికి దర్జాగా పాసయింది. ఆ తరువాతి ఏడు నుంచి మాస్టారు పలకలు తీసే ముందు పిల్లలందరినీ ఒకసారి తిప్పి చూసుకోమనేవారట. ఆయన నోట కూడా అదే మాట, తాలు ఏరుకోండి అని.

బావగారు పిల్ల పాసయిన కబురు విని ఊఁ అన్నారంతే. పిల్లను బడికి పంపుతారో లేదో ఆ ఊఁలో తేలలేదు. అక్క నా వైపు చూసింది, నేను తలుపు వైపు చూశాను.

కాయలు గోతాలకు ఎత్తి గుంటూరు బండి కట్టే రోజు వచ్చింది. గోతాల మీద రైతు పేరూ ఊరూ రాయాలి. ఏటా నరసరావుపేటలో బండి ఆపి, కొట్లో గుమాస్తా చేత రాయించేవారు. ఆ రోజు బావగారు వాకిట్లో గోతాల దగ్గరికి మసీ నూనే కలిపిన ముంత తెచ్చి, పుల్లకు గుడ్డ చుట్టి, కూతురిని పిలిచారు.

"ఏమ్మా, నా పేరు రాయటం వచ్చా?"

"పేరూ వచ్చు, ఊరూ వచ్చు నాయనా."

పిల్ల గోతం తరువాత గోతం మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక బయటపెట్టి రాసింది. బండికి ఎడ్లను కట్టేశారు. మోసేవాళ్ళు వంగి గోతం మీద చెయ్యి వేశారు.

"ఆగు నాయనా. ఎండనీ" అంది పిల్ల.

పాలెగాడే దిగివచ్చి చెప్పినా ఆగని మనిషి మా బావగారు. ఎడ్లను విప్పించి, బండి నీడన కూర్చున్నారు. పిల్ల కాసేపు అటూ ఇటూ ఆడి వచ్చి, మొదటి గోతం నుంచి చివరి దాకా నడిచింది. ఒక చోట ఆగి, పుల్ల ముంచి, ఒక అక్షరం కింద ఒత్తు పెట్టింది.

"ఇప్పుడు ఎక్కియ్యండి."

బావగారు లేచి, తలకట్టు సవరించుకుని, మోసేవాళ్ళతో అన్నారు. "రాత బయటికి కనపడేటట్టు పెట్టండి. బడికి పోయే పిల్ల రాసింది."

అక్క గుమ్మంలోంచి బండినే చూస్తోంది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. నా దగ్గరికి జరిగి, మెల్లగా అడిగింది.

"చెల్లే, ఆ రాసింది మీ బావ పేరేనా?"

"అదే అక్కా."

"తాలేం లేదుగా?"

"లేదు."

పలకకూడని పేరును, బండి మలుపు తిరిగేదాకా, కళ్ళనిండా చూసుకుంది.