సేపు నేదు

మా ఇంట్లో ఎవరైనా ఏడుస్తుంటే ముందు నన్ను పక్క గదిలోకి పంపేస్తారు, ఏదో ఒకటి అనేస్తానని. అన్నాను కూడా. పెదనాన్న పోయినప్పుడు ఆయన ఎంత నెమ్మదస్తుడో అని అందరూ తలచుకుంటూ ఉంటే, ఆ నెమ్మదితోనే డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వేసుకుంటూ వచ్చాడని అన్నది నేనే. అందుకని మా అక్క పాల గొడవ నడిచిన రోజుల్లో నేను ఎక్కువగా పక్క గదిలోనే ఉన్నాను. గోడలు పల్చన కాబట్టి ఏమీ మిస్సవలేదు.

అక్క అత్తవారిది రామతీర్థం పక్కన పల్లె. పురిటికి కోటబొమ్మాళి దగ్గర మా ఇంటికి వచ్చింది. మగపిల్లాడు. అందరూ సంతోషించారు, వాడు తప్ప. వాడికి ఆకలి.

పాలు ఉన్నాయో లేవో గానీ, చేపు రాలేదు. గేదెను పితికే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ముందు దూడను వదులుతారు. అది పొదుగును కుమ్ముతుంది, కాసేపటికి పాలు ధారకు దిగుతాయి. ఆ దిగడమే చేపు. బిడ్డతల్లికైనా అదే మాట. మా వైపు నాలుకలకి 'చ' తో పెద్దగా పరిచయం లేదు కాబట్టి అది సేపు, లేదు కాస్తా నేదు. చేప కూడా సేపే, చివర చిన్న తేడాతో. భావనపాడు నుంచి అమ్మ సొర చేప తెప్పించి వండింది. సేప తింటే సేపొస్తాదని నమ్మకం. రోగం పేరూ మందు పేరూ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు నిజానికి పనిచేయాలి. ప్రాస కుదిరింది, పాలు కుదరలేదు.

తర్వాత వెల్లుల్లి, మునగాకు, పచ్చి బొప్పాయి. ఆవకాయ జాడీలో కాపురం ఉన్నట్టుండేది ఇల్లు. మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా అక్క ఒకేలా కనబడేది: గోడకు ఆనుకుని, పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని. వాడు కాసేపు లాగి, వదిలేసి, ఆమె ముఖంలోకి చూసేవాడు. ఫిర్యాదు లాంటిది కూడా కాదు. రావలసిన బస్సు వస్తుందా రాదా అని అడిగేవాడిలా. చివరికి డాక్టరమ్మ డబ్బా పాలు రాసింది. వాడు బలిసాడు. అక్క మాత్రం గోడ వదల్లేదు.

వాళ్ళత్తకి అమ్మ ఫోన్‌లో సగం నిజం చెప్పింది, తల్లి పాలు చాలడం లేదు వదినా, పైన కొంచెం డబ్బా పడుతున్నామని. ఆ సగానికే ఆవిడ తమ వంశంలో ఏ కోడలికీ ఇలా జరగలేదని బాధపడి, తాయెత్తు పంపింది. రోజూ ఫోన్ చేసి వస్తన్నాయా అని అడిగేది. మా వీధి ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చుని, అక్కని తల నుంచి కాలి దాకా చూసి, పాపం అని లేచేవాళ్ళు. పాపం అనడానికే వచ్చి, టీ తాగి వెళ్ళేవాళ్ళు.

అలాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి సినిమావాళ్ళు వచ్చారు. సినిమా అంటే డాక్యుమెంటరీ. తల్లి పాల మీద తీస్తున్నారట. మా ఊరి అంగన్‌వాడీ టీచరు తల్లులందరినీ చూపించింది. అందులో ఒక అమ్మాయి అక్క పక్కన చాప మీద కూర్చుని, పాలు రాని తల్లులు చాలామంది ఉంటారు, ఎవరూ నోరు విప్పరు, మీరు చెబితే ఇంకొకరికి ఊపిరి ఆడుతుంది అంది. నిజాయితీగానే అంది. అక్క ఒప్పుకుంది. కెమెరా వెనక పిల్లాడిని ఎత్తుకుని నిలబడే పని నాకిచ్చారు, నోరు ఖాళీగా ఉన్నా చేతులు ఖాళీగా ఉండకూడదని.

ఇంట్లో ఎవరికీ చెప్పనిదంతా అక్క ఆ కెమెరా అద్దంకేసి చూసి చెప్పింది. మధ్యలో ఒక చోట, "సేపు నేదండి నాకు. ఎంతసేపని ఎత్తుకు కూకుంటాను?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏమీ అనలేదు. నా చరిత్రలో అది నమోదు చేయదగ్గ సంగతే గానీ ఎవరూ గమనించలేదు.

నెలలు గడిచాయి. సినిమా రాబోతోందని ట్రైలర్ వచ్చింది. దాన్ని తల్లులకు చూపించి, వాళ్ళేమంటారో వీడియో తీసి పంపమన్నారట. టీచరు అందరినీ అంగన్‌వాడీ సెంటర్‌కి పిలిచింది. అక్క వాయిల్ చీర తీసి, పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. తన మాట విని ఎవరికో ఊపిరి ఆడుతుందని ఆ అమ్మాయి చెప్పింది కదా, ఆ ఎవరో ఈ గదిలోనే ఉంటారేమోనని ఆశ. నాతో అనలేదు. చీర చెప్పింది.

ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించారు. ట్రైలర్‌లో మొదట సముద్రం వచ్చింది. పాల సినిమాలో సముద్రం ఎందుకని ఎవరూ అడగలేదు. తర్వాత ఒక తల్లి బిడ్డకు పాలిస్తూ నవ్వింది. మా ఎదురింటావిడ ఆ జాకెట్టు చేతులు ఎక్కడ కుట్టించిందో అని ముందుకు వంగింది. ఒక ముసలావిడ ఇలాంటివి సినిమా తీసి చూపించాలేటి, మేం తలుపేసుకునే కదా పెంచినాం అని గొణిగి, మళ్ళీ మొదటి నుంచి వెయ్యమంది. ఇంకొకామె తన కొడుకు బడికి వెళ్ళే వయసు దాకా తాగాడని చెప్పింది. ఆ కొడుకు ఇప్పుడు గుమ్మంలో నిలబడి సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

అప్పుడు అక్క వచ్చింది తెర మీద. పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు ఆమెది కాదు. మా మాట జనానికి అర్థం కాదని పైన వేరే గొంతు పెట్టారు, టీవీలో వార్తలు చదివేలాంటి తియ్యటి గొంతు. అది ఇలా చెప్పింది: "నాకు టైం లేదు. ఎంతసేపని ఎత్తుకుని కూర్చుంటాను?"

వెంటనే ఇంకో తల్లి, ఇంకో బిడ్డ, వేణువు. అయిపోయింది.

ఎవరిని తప్పుపట్టాలో కూడా తెలియని పొరపాటు. అక్క 'సేపు నేదు' అంది. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ళకి సేపు అంటే కాసేపు, చాలాసేపు. సేపు లేదంటే తీరిక లేదని. పక్క వాక్యంలో 'ఎంతసేపని' ఉండనే ఉంది, అనుమానానికి చోటు లేకుండా. వాళ్ళ ఇళ్ళల్లో గేదె ఉండి ఉంటే మా అక్క పరువు మిగిలేది.

గదిలో అందరూ అక్క వంక తిరిగారు. డబ్బా పాలు ఎందుకు పట్టిందో ఇప్పుడు తెలిసిందని ఎదురింటావిడ పక్కామె చెవిలో అంది, అందరికీ వినబడేంత రహస్యంగా. టీచరు తన పని మరచిపోకుండా ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది. కొడుకు బడికి వెళ్ళేదాకా ఇచ్చినామె కెమెరాలోకి చూసి, తల్లికే టయిం లేకపోతే ఇంకెవలికుంటాదండి అని చెప్పింది. బాగా చెప్పిందని అందరూ మెచ్చుకున్నారు. అది టైం కాదు అని నేను నోరు తెరిచేసరికి, అక్క నా మోచేయి గట్టిగా పట్టుకుంది. పట్టుచీర కొంగుతో పిల్లాడి మూతి తుడిచి, లేచి వచ్చేసింది.

మేం ఇల్లు చేరేలోపే ట్రైలర్ రామతీర్థం చేరింది. వాళ్ళత్త ఫోన్ చేసింది. ఇన్నాళ్ళూ తాయెత్తులు పంపిన మనిషి ఇప్పుడు తిట్టింది. ఎంత తిట్టిందంటే, మధ్యలో ఫోన్ చెవి మార్చుకోవలసి వచ్చింది అక్కకి. "అవునత్తా" అని మాత్రం అంటూ వింది. ఈసారి వస్తన్నాయా అని అడగలేదావిడ.

అమ్మ ఊరుకోలేదు. ఆ సినిమా పిల్లకి ఫోన్ సెయ్యవే అని నా మీద పడింది. నేను చేశాను. చేపు అంటే ఏమిటో ఆ అమ్మాయికి గేదె, దూడ, పొదుగుతో సహా వివరించాను. ఆమె ఏడుపు గొంతుతో క్షమించమంది. ట్రైలర్ జనంలోకి వెళ్ళిపోయింది, దాన్ని ఏమీ చేయలేం గానీ, సినిమాలో గొంతు మార్చవచ్చు, ఈ సాయంత్రం వరకూ వీలుంది, అక్క ఒక్కసారి ఔనంటే చాలు అంది. నేను స్పీకర్ పెట్టాను.

"సెప్పవే," అంది అమ్మ.

అక్క ఫోన్ దగ్గరికి వంగింది. "మీరు పెట్టిందే రైటండి. అలాగే ఉంచీండి."

ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. అక్క రెండుసార్లూ అదే చెప్పింది. అప్పుడు ఆ అమ్మాయి కొంచెం తేలికపడి, నిజానికి ట్రైలర్‌లో అందరూ ఆ మాటే గుర్తుపెట్టుకుంటున్నారు, పోస్టరు మీద కూడా వేస్తున్నాం అంది. అక్క సరేనండి అని, ఉంటానండి అని, మర్యాదలన్నీ పూర్తి చేసి పెట్టేసింది.

"ఏటే రైటు?" అంది అమ్మ. "ఊరూరా పొగరుబోతుదని సాటింపు ఏస్తంటే."

"ఏసుకోనీమ్మా. తిట్టినోలు తిట్టి తిట్టి అలిసిపోతారు. జాలి పడినోలు అలిసిపోరు. ఇన్నాల్ల బట్టి సూస్తన్నాను గదా."

"అబద్దం గదే అది."

"పాలు రానేదంటే నాలోనే ఏదో నేదని. ఇవ్వనేదంటే నా సేతిలో ఉన్నాదనైనా అనుకుంటారు." అక్క డబ్బా మూత తీసి పొడి కొలవడం మొదలుపెట్టింది. "నాకూ అలగే అనుకోవాలని ఉన్నాది."

అమ్మ నా వంక చూసింది, ఏదో ఒకటి అనమన్నట్టు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఆ పని అడగడం అదే మొదటిసారి. సరిగ్గా ఆ రోజే నా దగ్గర సరుకు లేదు.

తర్వాతి వారం బావ వచ్చి అక్కనీ పిల్లాడినీ తీసుకువెళ్ళాడు. దారి పొడవునా ఆయన ఒక్క మాట కూడా అనలేదట. మంచివాడు కాబట్టా, వాళ్ళమ్మ అన్నీ అనేసింది కాబట్టా అన్నది తేలలేదు. సినిమా ఇంకా రాలేదు. వచ్చే నెల శ్రీకాకుళంలో వేస్తారట. అమ్మ ఆ మాటెత్తనివ్వదు.

నిన్న అక్కకి ఫోన్ చేశాను. వెనక నుంచి వాళ్ళత్త గొంతు వినబడుతోంది. ఎవరో వచ్చినట్టున్నారు, వాళ్ళకి కోడలి కథ చెబుతోంది. వింటన్నావా, ఈరోజు కొత్తవి కలిపింది అంది అక్క. సినిమాలు చూస్తూ నేను పిల్లాడికి టైం లేదనేదాన్నట అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నిజంగానే నవ్వింది. అంతా బాగానే ఉన్నట్టే అనిపించి, ఇంకేటి సంగతులు అని అడిగాను.

"అత్త అడిగింది, మీ బావ ఎదురుగానే. రెండోవోడు పుడితే ఆడికైనా పాలివ్వడానికి టయిం సేసుకుంటావా అని."

"నువ్వేటన్నావు?"

"సేసుకుంటానన్నాను," అంది అక్క. "ఏటంటాను మరి?"