మా మావయ్యగారి గెడ

మా మావయ్యగారు పాపారావు గారికి డెబ్బై రెండేళ్ళు. కొల్లేటిలో పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్ళని పడవ ఎక్కించి తిప్పుతారు. మోటారు చప్పుడుకి పక్షులు బెదురుతాయని అక్కడ గెడ పడవలే నడుపుతారు. పడవ వెనక నిలబడి, పొడవాటి వెదురు గెడను నీళ్ళ అడుగున ఆనించి నెట్టుకుంటూ పోవాలి. ఈ శీతాకాలం మొదట్లో పక్షుల కేంద్రం చూసుకునే జీవన్ గారు ఆయన్ని పక్కకి పిలిచి ఒక మాట చెప్పారట. మీకు వయసు పైబడింది, పైవాళ్ళు అడుగుతున్నారు, ఒక్క ఫిర్యాదు వచ్చినా గెడ పక్కన పెట్టాల్సిందే అని. మావయ్యగారు ఇంటికొచ్చి నాకు ఆ సంగతి చెప్పలేదు. తోటి పడవవాడు బుచ్చిబాబు చెబితే తెలిసింది.

నాకు భయం పట్టుకుంది. ఎందుకో చెప్పాలి.

కిందటేడు ఆషాఢంలో మా ఆయన కామెర్లొచ్చి పోయారు. మావయ్యగారికి ఒక్కడే కొడుకు. అత్తగారు అంతకు ముందే పోయారు, మాకా పిల్లల్లేరు. ఇంట్లో మేమిద్దరం మిగిలాం. మావయ్యగారు మూడు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నారు. కంచం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవారు. నేను ఏడవడానికి కూడా లేకుండా, ఆయన ఎన్ని మెతుకులు వదిలేశారో చూసుకుంటూ కూర్చునేదాన్ని. కార్తీకంలో పక్షులు దిగాక బుచ్చిబాబు వచ్చాడు. జనం ఎక్కువగా ఉన్నారు, ఒక్క పూట రా బాబాయ్ అని బతిమాలి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం మావయ్యగారు వచ్చి కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకుని తిన్నారు. తిని, చారు ఇంకాస్త పొయ్యమన్నారు. నేను వంటింట్లో తలుపు చాటున కాసేపు నిలబడి, అప్పుడు చారుగిన్నె పట్టుకొచ్చాను. ఆయన్ని మళ్ళీ మనిషిని చేసింది ఆ గెడే. అది పోతే ఆయన మళ్ళీ గోడ వైపు తిరుగుతారని నా భయం.

అసలు ఆయన బతుకంతా ఆ నీళ్ళతోనే ముడిపడి ఉంది. ఆయన చిన్నప్పుడు వానాకాలం వస్తే మా లంక చుట్టూ నీళ్ళే. బడికి, బజారుకి, పెళ్ళికి, పురుడుకి అన్నిటికీ తాటి దోనే. ఆయన పెళ్ళికి కూడా రెండు దోనెలు జత కట్టి, మీద చాప పరిచి మా అత్తగారిని తీసుకొచ్చారట. తర్వాత సర్కారువాళ్ళే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించారు. మావయ్యగారికి అందులో ఒక వాటా వచ్చింది. చుట్టూ గట్టు వేసి, లోపల బొచ్చె, శీలావతి చేపలు పెంచారు. తవుడు సంచులకి చిల్లులు పెట్టి కర్రలకి వేలాడదీస్తే చేపలు వచ్చి పొడుచుకు తినేవి. ఆ చేపల కోసం ముక్కు కింద సంచి ఉండే గూడబాతులు దిగేవి. గూడబాతంటే ఆ కాలంలో దొంగతో సమానం. ఒక్కొక్కటీ కేజీ చేప మింగేసి పోయేది. మావయ్యగారు పొద్దుటి నించీ గట్టు మీద రేకుడబ్బా కొడుతూ వాటిని తోలేవారు.

ఆ తర్వాత అదే సర్కారువాళ్ళు సరస్సు లోపల చెరువులు ఉండకూడదన్నారు. నా పెళ్ళయిన మరుసటేడు పొక్లెయినర్లు వచ్చాయి. మావయ్యగారి చెరువు గట్టుకి తూర్పున ఒక గండి, పడమర ఒక గండి కొట్టి పోయాయి. ఊళ్ళో చాలామంది దుమ్మెత్తి పోశారు, కొందరు అడ్డంగా పడుకున్నారు. మావయ్యగారు మాత్రం గట్టు మీద నిలబడి, నీళ్ళు ఇటు నించి అటు పోవడం చూసి ఇంటికొచ్చేశారు. అన్నేళ్ళు చేసిందంతా అలా కలిసిపోతుంటే కోపం రాలేదా అని తర్వాతెప్పుడో అడిగాను. చిన్నప్పటి నీళ్ళలాగే ఉన్నాయమ్మా అన్నారు. అంతే.

నీళ్ళు పరుచుకున్నాక చెట్ల మీద గూళ్ళు పెరిగాయి. వాటిని చూడ్డానికి ఏలూరు నించి, గూడెం నించి, భీమవరం నించి కార్లు రావడం మొదలైంది. ఫారెస్టువాళ్ళు మెట్లు కట్టి, బెంచీలు వేసి, పడవలు పెట్టారు. అలా మావయ్యగారు పడవ ఎక్కారు. జీవితమంతా తోలిన పిట్టల్నే ఇప్పుడు చూపిస్తున్నానండి అని ఆయన అంటే పడవలో అందరూ నవ్వేవారట. పాత చెరువు పక్కగా పోయేటప్పుడు, ఇది నాదండి, ఇప్పుడు మీ అందరిదీను అని కూడా అనేవారని బుచ్చిబాబు చెప్పేవాడు.

ఇక ఆ ఆదివారం సంగతి. మాఘమాసం, మంచి ఎండ. రోజూ నాలుగింటికి నేను ఫ్లాస్కులో టీ పట్టుకుని రేవుకి వెళ్తాను. ఆ రోజు వెళ్ళేసరికి మావయ్యగారి పడవ లేదు. మూడింటికి తాడేపల్లిగూడెం వాళ్ళని ఎక్కించుకుని వెళ్ళారని బుచ్చిబాబు చెప్పాడు. వీరరాఘవమ్మ గారని ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు పద్మప్రియ, అల్లుడు జయకృష్ణ. గూళ్ళ చెట్ల చుట్టూ తిరిగి రావడానికి ముప్పావు గంట చాలు. నాలుగున్నరయినా పడవ రాలేదు. టీ చల్లారిపోయింది.

అయిదు కావస్తుండగా కేంద్రం ఫోను మోగింది. జీవన్ గారు ఎత్తారు. అవతల జయకృష్ణ గారు గట్టిగా మాట్లాడుతున్నారు, మెట్ల మీద ఉన్న నాకు కూడా వినపడింది. గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయాం, ఈ ముసలాయనకి దారి తెలీదు, ఇలాంటివాళ్ళని ఎందుకు పెడతారండీ మీరు అంటున్నారు. ఎక్కడున్నారో చెప్పేలోపే సిగ్నల్ పోయింది. జీవన్ గారు తిరిగి చేసినా కలవలేదు.

ఆయన నా వైపు చూసి, మళ్ళీ చూపు తిప్పుకున్నారు. ఫిర్యాదు వచ్చేసిందని నాకు అర్థమైంది. కానీ ఆ నిమిషంలో నాకు గెడ గుర్తుకు రాలేదు. మనిషి వస్తే చాలనుకున్నాను. పదిహేడేళ్ళు గట్టు మీద చెరువు కాపలా కాసిన మనిషికి దారి తెలియకపోవడం ఏమిటి, ఏదో అయ్యుంటుందని చివరి మెట్టు దాకా దిగాను. బుచ్చిబాబు ఇంకో పడవ విప్పుతూ, బాబాయ్ నీళ్ళలో పోడు వదినా, నీళ్ళకే విసుగు పుట్టి ఒడ్డున పడేస్తాయి అన్నాడు. నవ్వించాలని అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అక్కడ జరిగింది ఇదీ, తర్వాత తెలిసింది. వీరరాఘవమ్మ గారు చిన్నప్పుడు అమ్మవారి తీర్థానికి వాళ్ళ నాన్నగారితో దోనెలో కొల్లేరు దాటారట. అప్పుడు దారి పొడుగునా తామరపూలు ఉండేవట. ఇప్పుడు ఒక్కటీ కనపడదేమిటండీ అని ఆవిడ అడిగారు. మావయ్యగారి పాత చెరువులో ఉన్నాయి. రోజూ తిరిగే దారి వదిలేసి, తూర్పు గండిలోంచి వాళ్ళని లోపలికి తీసుకెళ్ళారు. పూలు కోసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. ఈలోగా గాలి తిరిగింది. తూర్పు గాలికి బయట తేలుతున్న గుర్రపుడెక్క అంతా ఒక్క చాపలా కొట్టుకొచ్చి ఆ గండిని మూసేసింది. అందులోకి పడవ పోదు, గెడ దిగదు.

మావయ్యగారు కంగారు పడలేదు. పడమర గండి ఉంది కదా, అటు పోదాం అన్నారు. అదే ఆయన చేసిన పొరపాటు. ఆయన లెక్కలో ఆ గండి పొక్లెయినర్లు కొట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. వెళ్ళి చూస్తే ఎవరో ఎప్పుడో మట్టి పోసి మూసేశారు. గట్టు మీద గడ్డి కూడా మొలిచింది. ముందు గట్టు, వెనక డెక్క. జయకృష్ణ గారు ఫోను చేసింది అప్పుడే.

ఫోను ఆగిపోయాక మావయ్యగారు పడవ దిగారు. గట్టు దగ్గర మోకాలి లోతు నీళ్ళు. గట్టు అంచున పెరిగిన డెక్క చేతులతో పీకి, గట్టు మీద ఇటు నించి అటు దాకా మందంగా పరిచారు. చెరువుల కాలంలో దోనెల్ని గట్టు దాటించడానికి ఇక్కడివాళ్ళు చేసే పని అది. తడి డెక్క మీద పడవ సబ్బు మీద జారినట్టు జారుతుంది. కానీ లాగడానికి ఒక్క మనిషి చాలడు. వీరరాఘవమ్మ గారిని గట్టు మీద కూర్చోబెట్టారు. జయకృష్ణ గారు ప్యాంటు మడిచి దిగారు, పద్మప్రియ చీర చెక్కుకుని దిగింది. ముందు మావయ్యగారు, వెనక వాళ్ళిద్దరూ.

అయిదున్నర దాటింది. నేను గూళ్ళ చెట్ల వైపే చూస్తూ ఉన్నాను, బుచ్చిబాబు అటే వెళ్ళాడు కదా అని. మెట్ల మీద ఎవరో అదిగో అంటే తల తిప్పాను. పడమటి నించి, ఎవరూ రాని దారిలో పడవ వస్తోంది. వెనక నిలబడి మావయ్యగారు గెడ వేస్తున్నారు. మోకాళ్ళ దాకా బురద, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మెట్టు మీద కూర్చుండిపోయాను.

పడవ ఒడ్డుకి తగలగానే, ఎవరూ ఏమీ అనకముందే మావయ్యగారు జీవన్ గారి ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

"తప్పు నాదేనండి. చూపించే దారి వదిలేసి వెళ్ళాను. గండి తెరిచే ఉందనుకున్నాను గాని, వెళ్ళి చూసుకోలేదు."

ఆ గండి ఎవరు మూశారని జీవన్ గారు అడిగారు. చేపల కోసం మూసుకున్న ఊళ్ళోవాళ్ళు ఇరుక్కుంటారని మావయ్యగారు, బురదే పూడిందేమోనండి అన్నారు. అప్పుడే తిరిగొచ్చిన బుచ్చిబాబు గట్టిగా దగ్గాడు. మట్టిలో పార గుర్తులు కూడా ఉన్నాయి కదండీ అని జయకృష్ణ గారు అనబోతే వీరరాఘవమ్మ గారు ఆపేశారు.

జీవన్ గారు రిజిస్టరు బయటికి తీశారు. ఫోనులో చెప్పిందే రాసిస్తారా అని జయకృష్ణ గారిని అడిగారు. నేను మెట్టు మీద అలాగే ఉన్నాను. జయకృష్ణ గారు తన ప్యాంటు వైపు చూసుకున్నారు, అత్తగారి వైపు చూశారు.

"మా అల్లుడుగారు బురదలో కాలు పెట్టింది పెళ్ళయ్యాక ఇదే మొదలండి," అన్నారు వీరరాఘవమ్మ గారు. "అది మాత్రం రాయండి, చదువుకుంటాను."

పద్మప్రియ పకపకా నవ్వేసింది. జయకృష్ణ గారు కూడా ఆపుకోలేకపోయారు. భయంలో నోటికొచ్చింది అన్నానండి, రాసిచ్చేదేమీ లేదు అన్నారు. తర్వాత మావయ్యగారి దగ్గరికి వచ్చి, మీరు కంగారు పడకపోబట్టి మేమూ పడలేదండి అని చెప్పి వెళ్ళారు. కారెక్కేముందు ఆ పెద్దావిడ నా చేతిలో రెండు తామరపూలు పెట్టారు. మీ నాన్నగారా అని అడిగితే, మావయ్యగారండి అన్నాను.

జీవన్ గారు రిజిస్టరు మూసేశారు. కానీ ఊరికే వదల్లేదు. ఇక మీదట గూళ్ళ చెట్ల చుట్టూ తప్ప అడుగు బయట పెట్టకూడదన్నారు. పెద్ద పడవైతే బుచ్చిబాబు కూడా ఎక్కాలన్నారు. రేపు పొద్దున్నే తనని ఆ గట్టు దగ్గరికి తీసుకెళ్ళి, పాత గండ్లన్నీ ఎక్కడెక్కడున్నాయో చూపించాలన్నారు. ఆ మాటకి మావయ్యగారు తలెత్తి చూశారు. గెడ ఉంచుకోవచ్చా అండీ అని అడిగారు. ఉంచుకోకపోతే రేపు నన్నెవరు తీసుకెళ్తారండీ అన్నారు జీవన్ గారు.

బుచ్చిబాబు మావయ్యగారిని, నాతో కలిసి గెడ వెయ్యాలంటే కాస్త నేర్చుకోవాలి బాబాయ్ అని ఏడిపించాడు. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు వేశానురా గెడ అన్నారు ఈయన.

వెలుగుండగానే ఇంటికి బయల్దేరాం. గెడ మావయ్యగారి సొంతం, రోజూ ఇంటికి తెచ్చుకుంటారు. రోజూ భుజాన ఒక్కరే మోసేవారు. ఆ రోజు పడవ లాగి చేతులు పీకుతున్నాయేమో, ఒక కొస నన్ను పట్టుకోమన్నారు. ముందు ఆయన, వెనక నేను, మధ్యలో గెడ. గట్టు బాట మీద అలా నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని నవ్వారు.

కొంతదూరం పోయాక వెనక్కి తిరగకుండానే, భయపడ్డావా అమ్మా అని అడిగారు. అన్నాళ్ళూ ఆయన ముందు నేను ఏమీ అనలేదు. ఆ రోజు అనేశాను.

"మీరు కూడా రాకపోతే నేను ఎవరికి వండాలండీ?"

ఆయన ఆగారు. గెడ కొస నా చేతిలో కదలకుండా ఉంది. మళ్ళీ నడక మొదలుపెట్టి, ఒకసారి నేనూ ఇలాగే భయపడ్డానమ్మా అన్నారు.

"దుర్గేషు ఎనిమిదేళ్ళప్పుడు ఆ పడమటి గట్టు మీంచే చెరువులో పడ్డాడు. తవుడు సంచి పట్టుకుని తేలుతున్నాడు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి, నాన్నా, చేపలు నా బొటనవేలు కొరుకుతున్నాయని నవ్వుతున్నాడు."

దుర్గేషంటే మా ఆయన. పోయాక మావయ్యగారి నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. పైకి లాగాక కొట్టారా అని అడిగాను. నేనూ నవ్వాను కాబట్టి మీ అత్తగారు ఇద్దర్నీ కొట్టింది అన్నారు. ఇంటికి చేరేదాకా ఇంకా చెప్తూనే ఉన్నారు, నేను ఇంకేమిటండీ, ఇంకేమిటండీ అని అడుగుతూనే ఉన్నాను.