తెర మీద కారు, కడుపులో కెరటం

ఆ రోజుల్లోనే ఇది రాసిపెట్టుకోవాల్సింది. కానీ నాకు అక్షరాలెక్కడివి? యాభై దాటాక, పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గేసి పలక పట్టాను. (మొన్న మనవరాలు ఫోన్లో ఏదో కొండదారి వీడియో చూపిస్తే మళ్ళీ కళ్ళు తిరిగాయి. అందుకే గుర్తొచ్చింది.)

పెళ్ళయిన కొత్త. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున మా అత్తగారిల్లు. ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేది. "వచ్చే ఆదివారం నుంచి నీకూ ఒక తట్ట ఇస్తానే" అంది. నా సొంత తట్ట! ఆ సంబరంలో ఉండగా తెనాలిలో ఉండే మా ఆడపడుచు నన్ను అక్కడ సినిమాకి తీసుకెళ్ళింది. నేల టిక్కెట్టు, సరిగ్గా తెర కిందే కూర్చున్నాం. తెర మీద కారు కొండ మలుపులు తిరుగుతోంది, దాంతోపాటు హాలు, హాలుతోపాటు నేను. తిన్న ఇడ్లీలన్నీ ఆడపడుచు కొత్త చీర మీదకి వచ్చేశాయి. ఆవిడ చీర సంగతే మర్చిపోయి, "ఎన్నో నెలే పిల్లా?" అంది.

అంతే. మాకంటే ముందు కబురు ఇల్లు చేరింది. నా తట్ట అటకెక్కింది. బరువెత్తొద్దు, వంగొద్దు, ఎండలో తిరగొద్దు. రేపల్లె నుంచి మా అమ్మ చింతకాయ పచ్చడి జాడీతో దిగిపోయింది. "నెలా లేదు, నా తలకాయా లేదు, ఆ బొమ్మ తిరుగుతుంటే నాకూ తిరిగింది" అని మొత్తుకుంటే మా అత్త పకపకా నవ్వింది. "పడవలోళ్ళ పిల్లవి. సముద్రం మీద తిరగని కడుపు గోడ మీద బొమ్మకి తిరిగిందా? ఎవరికి చెబుతావే?" మా ఆయన్నడిగితే "అమ్మ చెప్పిందిగా" అన్నాడు. (కడుపు నాది. నన్ను తప్ప అందర్నీ అడిగారు.)

ఆదివారం దాటిపోయింది. నా ఒళ్ళు మండిపోతోంది. ఇంతలో అదే సినిమా బాపట్లకొచ్చింది. "నువ్వే చూసి చెప్పు అత్తా" అన్నాను. ఆవిడ జన్మలో సినిమా చూసి ఎరగదు. "పద, నీ అబద్ధమేంటో తేలుస్తా" అని కొంగు దోపింది. అందరికంటే ముందు వరసలో నేనే కూర్చోబెట్టాను (పాపమే, ఒప్పుకుంటున్నా). రెండో మలుపుకి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడో మలుపుకి బయటికి పరిగెత్తింది, వెనకే నేనూ. ఇద్దరం చెరో పక్క గోడ పట్టుకుని వంగాం. ఆవిడ నోరు తుడుచుకుంటుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"ఎన్నో నెల అత్తా?"

కొడుతుందనుకున్నా. కొంగు దోపుకుని ఇంటిదారి పట్టింది. అప్పటి ఆవిడ వయసు నేనెప్పుడో దాటేశాను. ఆ మాటన్న నా నోటిని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. మర్నాడు పొద్దున లేచేసరికి తట్ట అటక దిగి, చేపలతో గుమ్మంలో ఉంది. పక్కనే నెత్తిన పెట్టుకోవడానికి గుడ్డ చుట్ట, ఆవిడ పాత చీర చింపి చుట్టింది. ఎత్తి నెత్తిన పెట్టుకుని, వీధి మలుపు తిరగ్గానే "చేపలమ్మా, చేపలు!" అని మొదటి కేక వేశాను.