కారు పికప్పు, అమ్మ దగ్గు

మా నాయన టర్బో కారు కొన్న రోజు నగరిలో మా వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి. వెనక అద్దం కింద ‘టర్బో’ అని ఇంత పెద్ద అక్షరాలుండేవి. నాయన ముందు ఆ అక్షరాలను తుడిచి, తర్వాతే బండిని తుడిచేవాడు. ఇంటి వెనక షెడ్డులో మాకు మరమగ్గాలు ఆడుతుండేవి. కారుకు వేరే నీడ లేక దాన్నీ అక్కడే పెట్టాడు. పొద్దున్నే మగ్గాల మధ్యే ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కనీ అని వదిలేసి కాఫీకి వెళ్లేవాడు. అదే షెడ్డులో అమ్మ పగలంతా దారం చుడుతూ, దగ్గుతూ ఉండేది.

తిరుపతి డాక్టరు అమ్మను పరీక్ష చేసి, "నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఆమెను ఆ షెడ్డులోంచి తప్పించండి, లేకపోతే మనిషి దక్కదు" అన్నాడు. నాయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు. బయటికొచ్చాక, "డాక్టర్లు అట్లనే చెప్తారు. మగ్గాలుండే ఇంట్లో దగ్గు రాకుంటే ఇంగ యాడొస్తాది?" అన్నాడు. అమ్మ మందు సీసా పట్టుకుని మళ్లీ షెడ్డులోకే వెళ్లింది.

మా ఇంటికి అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. కారుకు పికప్ తగ్గింది! తిరుమల ఘాట్ రోడ్డులో యాక్సిలరేటర్‌ను నేలకు అదిమినా బండి నల్లటి పొగ వదలడమే తప్ప ముందుకు లాగలేదు. మా మేనమామ తన చిన్న పెట్రోలు కారులో మమ్మల్ని దాటేసి, పైన టీ తాగుతూ మా కోసం ఎదురుచూశాడు. బావమరిది ముందు తల కొట్టేసినట్టయింది నాయనకు. ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ ఎంత దగ్గినా ఆయన ఏనాడూ ఒక ముద్ద తగ్గించింది లేదు.

ఇక వైద్యం మొదలైంది, కారుకు. తిరుపతి మెకానిక్ మొదట లావుపాటి సైలెన్సర్ వేశాడు. తర్వాత టర్బో ప్రెషర్ పెంచే డబ్బా ఒకటి బిగించాడు. బిగించిన ప్రతిసారీ చంద్రగిరి రోడ్డులో పరీక్ష. "ఇప్పుడు సూడు, ఎట్ల లాగతాదో!" అనేవాడు నాయన. చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా పెరిగింది. ఒక్క చెరుకు ట్రాక్టర్ మాత్రం మమ్మల్ని దాటలేదు, అది పంక్చరై ఆగి ఉంది కాబట్టి. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటే ఇదే.

అమర్చగలిగినవన్నీ అమర్చేశాక, ఆ మెకానిక్ మహానుభావుడికి ఎయిర్ ఫిల్టర్ గుర్తొచ్చింది. మూత తీస్తే లోపల తలదిండుకు సరిపడా దూది!

"ఏందన్నా ఇది? ఇంజిన్‌కు గాలి ఆడితేనే గదా టర్బోకి బలమొచ్చేది! ఈ బండిని ముందు ఆ మగ్గాల షెడ్డులో నుంచి తీసెయ్. లేకుంటే టర్బో దక్కదు" అన్నాడు మెకానిక్.

నాయన ముఖం పాలిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"నాయనా, డాక్టరు కూడా ఇదే గదా చెప్పినాడు?" అన్నాను.

"బండి సంగతి మాట్లాడతా ఉంటే నడమ నీ గోలేంది?" అని కసిరాడు.

డాక్టరు మాట చెవికెక్కలేదు గాని మెకానిక్ మాట వేదమైంది. వారం తిరక్కుండానే ఇంటి ముందు ఖాళీ జాగాలో గచ్చు చేయించి, రేకుల షెడ్డు వేయించాడు. మూడు వైపులా గాలి, పూటకోసారి తడిగుడ్డతో తుడుపు. చెప్పులతో లోపలికి రావడం నిషేధం. కొత్త ఫిల్టర్ పడ్డాక కారు నిజంగానే దూకింది. వీధంతా హారన్ కొట్టుకుంటూ తిరిగొచ్చాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ మగ్గాల దగ్గర్నుంచి చాప చంకన పెట్టుకుని వచ్చింది. నాలుగడుగులకే ఆయాసం. నాయన కారు తుడుస్తున్నాడు.

"ఏమయ్యా, కారు పక్కన నాకూ రవ్వంత చోటు ఉండాదా? ఈడ గాలి బాగుండాది. కాసేపు పడుకుంటా" అంది.

ఇప్పుడైనా సిగ్గుపడతాడని ఆశపడ్డాను. నాయన ఆమెను కిందికీ మీదికీ చూశాడు. జుట్టు మీద, భుజాల మీద తెల్లటి పీచు.

"పడుకో, ఎవురొద్దన్నారు? ముందు బయట నిలబడి ఆ కోక దులుపుకొని రా. దుమ్మంతా బండి మీద పడతాది."

అమ్మ వీధిలోకి వెళ్లి, దగ్గుతూనే కోక దులుపుకుంది.