ఓబులమ్మకు నేనిచ్చిన గోలీలు

ఈ మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. అన్నం ముందు కూర్చున్నా దింపలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది గోపన్‌పల్లే. పొలాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక మాకూ ఒక ఫ్లాటు వచ్చింది. ఆయన పోయాక అందులో నేనొక్కదాన్నే. పొద్దునే అందరూ ఆఫీసులకు పోతారు, ఇక లిఫ్టు చప్పుడు తప్ప మనిషి మాట వినపడదు. అలాంటప్పుడు కడప వైపు నుంచి ఓబులమ్మ వచ్చింది, పక్క ఫ్లాటులో ఉండే కొడుకు, కోడలి దగ్గరికి. రోజూ కింద బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఎంత మాట్లాడుకునేవాళ్లమో.

ఆమెకు మోకాళ్ల నొప్పులు. కోడలు సుజాత మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చిపెట్టేది. అవి రోజూ మింగినా తగ్గక, కిందికి రావడం మానేసింది. నేను వాడే వెల్లుల్లి, పసుపు సారం గోలీల డబ్బా ఆమెకిచ్చాను. వంటింటి సరుకే కదా, ఏం చేస్తుంది అనుకున్నాను. ఆమె నొప్పి కోసమే ఇచ్చానా? లేక మళ్లీ వచ్చి నా పక్కన కూర్చుంటుందనా?

కొన్నాళ్లకు ఓబులమ్మ మళ్లీ కిందికొచ్చి చేతులు చూపించింది.

"ఏందక్కా ఇది, దెబ్బ తగలకుండానే కమిలిపోతాంది. దొడ్డికి గూడా నల్లగా పోతాంది."

"వేడి చేసినట్టుంది. జర మజ్జిగ తాగు, గింతదానికి ఫికర్ ఎందుకు?"

"నువ్వెప్పుడు డాక్టరమ్మవైనావక్కా?" అని నవ్వింది.

ఆ వారమే నెత్తురు కక్కుకుంది. సుజాతా నేనూ దవాఖానకు తీసుకుపోయాం. రోజూ మింగే ఆ నొప్పి మాత్రలు కాక నాటు మందులు, మూలికలు ఏమైనా వాడుతోందా అని డాక్టరు అడిగాడు. ఓబులమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, కనపడీ కనపడనట్టు.

"ఇంగేమీ లేవు సార్," అంది.

రక్తం ఎక్కించారు, బతికింది. తప్పంతా సుజాత మీద పడింది. డాక్టరును అడగకుండా మాత్రలు మింగించావని ఆమె మొగుడు అరవడం గోడ ఇవతల నుంచి విన్నాను. అప్పుడైనా పోయి తలుపు కొట్టొచ్చు. నిజం తెలిస్తే ఓబులమ్మను నా దగ్గరికి రానివ్వరని భయపడి కొట్టలేదు. ఆమె వచ్చేది, కూర్చునేది, కానీ కాసేపటికే లేచి పైకి పోయేది. తర్వాత వేరే జబ్బుతో పోయింది.

మొన్న నా నడుం నొప్పికి చూసిన డాక్టరమ్మ చెప్పింది. నొప్పి మాత్రలు కడుపులో పుండు చేయగలవట, ఇలాంటి గోలీలు రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వకపోవచ్చట, రెండూ కలిస్తే నెత్తురు పోయే ప్రమాదం పెరుగుతుందట. అందులో మాత్రలది ఎంత, నాది ఎంత? ఎవరు చెబుతారు?

సుజాత ఇప్పటికీ ఇంట్లో నొప్పి మాత్ర ఉంచదు. తలనొప్పి వస్తే గుడ్డ బిగించి కట్టుకుని ఆఫీసు పని చేసుకుంటుంది. లిఫ్టులో కనపడితే "తిన్నవా పెద్దమ్మా" అంటుంది.

డబ్బా నేనిచ్చాను. డాక్టరు అడిగితే లేదనిపించాను. మీకైతే ఇంత రాశాను. సుజాత తలుపు మాత్రం పక్కనే ఉంది, ఇంకా కొట్టలేదు.