ఎడమ చేతి కిటికీ

మా కోర్టు వరండాలో పక్కపక్కనే రెండు బల్లలుంటాయి. ఒకదాని మీద నా జిరాక్సు మిషను, రెండోదాని మీద టైపు బాబాయ్ మిషను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయనది అదే బల్ల, అదే కుర్చీ. కంప్యూటర్లొచ్చి మిగతా టైపిస్టులందర్నీ ఇంటికి పంపించాయి గానీ, ఈయన్ని మాత్రం కదపలేకపోయాయి. "బాబాయ్ కొట్టిన దావాలో తప్పుండదు" అని ప్లీడర్లే చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడగానే ఏమీ విననట్టు కాగితాలు సర్దుకునేవాడు. ఆ నటన చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆయనకొక పద్ధతి ఉంది. ఇంటి తగాదా అంటూ ఎవరొచ్చినా దిక్కులడగడు. "దిక్కులడిగితే సగంమంది ఆకాశం చూస్తారు, సగంమంది నా మొహం చూస్తారు" అంటాడు. మనిషిని లేపి నిలబెట్టి, "ఇది మీ గుమ్మం అనుకోండి. వీధి వైపు తిరగండి. ఇప్పుడు చెప్పండి, ఏ చేతి వైపు ఏముంది?" అని అడుగుతాడు. ఇల్లు ఎటు ముఖమో తెలుసుకుని దిక్కులు తానే వేసుకుంటాడు.

టైలరక్క వచ్చిన రోజు వరండాలో కాలు పెట్టే సందు లేదు. ఆవిడకు ఉన్నది ఒక్క గది, ఆ గదికి ఒక్క కిటికీ. ఇరవై రెండేళ్లుగా ఆ వెలుతుర్లోనే బట్టలు కుడుతోంది. పక్కింటాయన ఆ కిటికీకి అడ్డంగా గోడ లేపుతున్నాడు.

"నల్లబట్ట మీద నల్లదారం లైటు వేసుకున్నా కనబడదు అన్నయ్యా. ఆ కిటికీ పోతే నా పని పోయినట్టే" అంది.

మోకాళ్లు పట్టుకుని కూర్చున్న మనిషిని లేపడానికి బాబాయ్‌కి మనసొప్పలేదు.

"లేవకమ్మా, కూర్చునే చెప్పు. వీధి వైపు చూస్తే కిటికీ ఏ చేతి వైపు?"

"ఎడమ" అని టక్కున చెప్పింది. ఇల్లు దక్షిణం ముఖం. అంటే కిటికీ తూర్పున. బాబాయ్ టకటకా కొట్టేశాడు.

రెండు నెలలకు పక్కింటాయన జవాబు దాఖలు చేశాడు. తూర్పు గోడకు అసలు కిటికీయే లేదు, తాను తూర్పున ఒక్క ఇటుకా పెట్టలేదు, దావా కొట్టెయ్యాలి అని. నిజానికి కిటికీ ఉన్నది పడమట. ఆ పాటికి అక్కడ లేపుతున్న గోడ కిటికీ అంచు దాకా వచ్చేసింది. టైలరక్కకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆవిడ ప్లీడరమ్మ మాత్రం కంగారు పడలేదు. "దావాలో సవరణ అడుగుదాం, తేలేదాకా గోడ ఆపమనీ అడుగుదాం. సాక్ష్యాలు ఇంకా మొదలవలేదు, మన అదృష్టం. మొదలయ్యాక అడిగితే, ముందే ఎందుకు చూసుకోలేదని చుక్కలు చూపిస్తారు. అయితే తప్పెలా జరిగిందో నిజాయితీగా చెప్పాలి. లేకపోతే మా జవాబు చూసి కథ మార్చారంటారు వాళ్లు."

"నేను ఎడమేగా చెప్పాను! కిటికీ ఎడమ వైపే!" అని టైలరక్క.

"ఎడమంటే తూర్పేనమ్మా!" అని బాబాయ్.

ఇద్దరూ తగ్గరు. విసుగొచ్చి నేనే ఇద్దర్నీ బయల్దేరదీసి ఆవిడింటికి తీసుకెళ్లాను. గదిలోకి అడుగు పెట్టగానే టైలరక్క అలవాటుగా మిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. వీధికి వీపు పెట్టి! "చూడండి, ఇదిగో ఎడమ" అంది. వెలుతురు ఆవిడ ఎడమ చేతి మీద పడుతోంది. ఇరవై రెండేళ్లుగా ఆవిడకు కుడీ ఎడమా అన్నీ ఆ స్టూలు మీంచే.

బాబాయ్ గుమ్మంలోకెళ్లి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. కిటికీ ఆయన కుడి చేతి వైపుంది.

"తప్పు నీది కాదు తల్లీ. నిన్ను లేపి నిలబెట్టకపోవడం నా తప్పు" అన్నాడు.

తిరిగొచ్చాక, నాకు మనసాగక అన్నాను. "ఆవిడే పొరపాటుగా చెప్పిందని ఊరుకోవచ్చుగా బాబాయ్. ముప్ఫై ఒక్క ఏళ్ల పేరు!"

"నోర్మూసుకుని ఇలా కూర్చో" అని తన కుర్చీ నాకిచ్చాడు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తప్పెలా జరిగిందో కోర్టుకు ఒట్టేసి చెప్పే ప్రమాణపత్రం ఆయన చెప్తుంటే రెండు వేళ్లతో నేను కొట్టాను. పద్ధతి ప్రకారం మనిషిని నిలబెట్టి అడగకపోవడం పూర్తిగా తన నిర్లక్ష్యమేనని చెప్పేటప్పుడు ఆయన మొహం వీధి వైపు తిప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో మూడు తప్పులు కొట్టాను.

"తప్పు ఒప్పుకునే కాగితంలో తప్పులేంటే! మళ్లీ కొట్టు!" అని అరిచాడు. హమ్మయ్య, మనిషి మనిషిలోకొచ్చాడు అనుకున్నాను.

దరఖాస్తు మీద వాదనల రోజున అవతలి ప్లీడరు గొంతు చించుకున్నాడు. ఇది సవరణ కాదు, కొత్త దావాయే అన్నాడు. జడ్జీ గారు ప్రమాణపత్రం రెండుసార్లు చదివి, బాబాయ్‌ని ముందుకు రమ్మన్నారు.

"మీరు కొట్టిన కాగితాలు చాలా చదివాను. ఇదే మొదటి తప్పా?"

"దొరికింది ఇదే మొదటిదండి."

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జీ గారూ నవ్వాపుకుని ఉత్తర్వు చెప్పారు. గోడ అదే, కిటికీ అదే, గొడవా అదే. మారింది దిక్కొక్కటే. అసలు తగాదా తేలాలంటే ఈ సవరణ కావాలి. విచారణ మొదలవలేదు. పక్కింటాయన కొత్తగా జవాబిచ్చుకోవచ్చు, కాబట్టి ఆయనకూ అన్యాయం లేదు. దావా తేలేదాకా పడమటి వైపు ఒక్క ఇటుకా లేవకూడదు. టైలరక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, రెండ్రోజులు నొప్పి తగ్గలేదు.

దావా ఇంకా నడుస్తోంది. గెలుస్తుందనే నా నమ్మకం. గోడ కిటికీ అంచు దగ్గరే ఆగిపోయింది. బాబాయ్ దగ్గరికి ఇప్పటికీ జనం వస్తూనే ఉన్నారు, పేరేమీ పోలేదు. కాకపోతే, ఇప్పుడు వాళ్లతో పాటు ఆయనా లేచి నిలబడి వీధి వైపు తిరుగుతున్నాడు.

మొన్న టైలరక్క పట్టుబట్టి ఆయన్ని చొక్కా కొలతలకు పిలిచింది. నేనూ తోడు వెళ్లాను. కిటికీ నిండా ఎండ. టేపు భుజం మీద వేసి, "కాస్త ఎడమ వైపు తిరగండన్నయ్యా" అంది.

బాబాయ్ కదల్లేదు.

"నీ ఎడమా, నా ఎడమా?" అన్నాడు.