మూరెడు లోతు

ప్రయోగశాలలో అతణ్ణి అందరూ మూర మావయ్య అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. కొత్తగా చేరిన పిల్లలు మట్టి తియ్యడానికి కూర్చోగానే వెనకాల నిలబడి, "మూరెడు లోపలికి గీకండి, ఆ తర్వాతే డబ్బా గుచ్చండి" అంటూ ప్రాణం తీసేవాడు. ఎండా వానా తగిలిన పైమట్టిని నమ్మకూడదని అతని వాదన. ఆ మాట అన్నప్పుడల్లా అతనికి లోపలెక్కడో కలుక్కుమనేదని భార్యకు ఒక్కదానికే తెలుసు.

ఊరి చివర ఒక గుట్ట ఉండేది. వేల ఏళ్ళుగా గాలి తెచ్చిపోసిన దుమ్మే పొరలు పొరలుగా పేరుకుని, అయిదంతస్తుల ఎత్తు అయింది. దాని నిలువు గోడలో బెత్తెడుకొకచోట అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా గుచ్చి, మట్టితో సహా ఊడదీసి, నంబరు వేసి, ప్రయోగశాల నడిపే మేడమ్‌కి ఇవ్వడమే అతని ఉద్యోగం. తడి నేలలో సన్నని ఇనుప రేణువులు పుడతాయట. అందుకని మట్టిని పరీక్షించే యంత్రం అయస్కాంత శక్తి ఎక్కువ చూపిస్తే ఆ పొర నాడు వానలు బాగా కురిశాయనీ, తక్కువ చూపిస్తే కరువనీ మేడమ్ తేల్చేవారు. ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టిన మనిషి, ఈ విద్య మాత్రం ఆవిడ పక్కన నిలబడే ఒంటబట్టించుకున్నాడు.

మేడమ్ రిటైరవడానికి పదమూడేళ్ళ ముందు, ఒక మధ్యాహ్నం, గుట్ట అడుగున మూడు డబ్బాల పని మిగిలింది. అక్కడ గొర్రెల కాపరులెవరో గోడకి ఆనించి మంట వేసుకున్నారు. మట్టి నల్లగా మాడి ఉంది. కాలిన మట్టికి కూడా అయస్కాంత శక్తి పెరుగుతుందని అతనికి తెలియక కాదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, వ్యాను డ్రైవరేమో హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. రెండు వేళ్ళ లోతు గీకాడు. నలుపు పోయింది. డబ్బాలు గుచ్చేశాడు.

వారం తిరక్కుండా మేడమ్ చిన్నపిల్లలా పరుగెత్తుకొచ్చారు.

"అడుగున ఎంత వానో చూశావా? ఇది ఇంతవరకూ ఎవరికీ తెలీదు! మూరెడు గీకావు కదూ?"

"గీకానమ్మా."

నోరు జారి అన్న మాట కాదు, చూసి చూసి అన్న మాట. ఆ వాన మీద ఆవిడ పెద్ద వ్యాసం రాశారు. వేరే చోటివాళ్ళు మాకు నమ్మకం లేదన్నప్పుడు నిండు సభలో లేచి, "మట్టి తీసినవాడు మావాడు, వాడి చెయ్యి తప్పదు" అన్నారు. వెనక వరసలో కూర్చున్న అతను తల ఎత్తలేదు.

"చెప్పెయ్యరాదూ? ఎన్నాళ్ళని నిన్ను నువ్వు తినేసుకుంటావు?" అని భార్య పోరేది. రేపు చెప్తాననేవాడు. ఆ రేపు రాకముందే కొత్త రోడ్డు కోసం యంత్రాలు గుట్ట మీద పడ్డాయి. బస్సు కిటికీలోంచి మట్టి లారీలు చూసి అతను హమ్మయ్య అనుకున్నాడు. చేసిన తప్పు కంటే ఆ హమ్మయ్యే అతణ్ణి ఎక్కువ కాల్చింది.

మేడమ్ రిటైరైన రోజు ఆవిడ గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతూ, ఇంక ఉండబట్టలేక మొత్తం కక్కేశాడు. మంట సంగతి, రెండు వేళ్ళ సంగతి, అన్నీ. ఆవిడ చేతిలో ఉన్న పుస్తకం బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డారు.

"నాలుగు తిట్టండమ్మా. మీ వాన అబద్ధం చేశాను."

"అబద్ధమని ఎవరు చెప్పారు?" అన్నారావిడ. గొంతులో కోపం లేదు, అలసట తప్ప. "అక్కడ నిజంగానే కురిసిందేమో. మంట వల్ల వచ్చిందో, వాన వల్ల వచ్చిందో చూద్దామంటే ఆ మూడు డబ్బాల మట్టీ పరీక్షల్లోనే అయిపోయింది. గుట్ట ఉన్నప్పుడు చెప్పి ఉంటే, ఓ గజం పక్కకి జరిగి ఇంకో మూడు తీసేవాళ్ళం. సాయంత్రానికల్లా తేలిపోయేది."

ఆవిడ బల్ల మీద పెట్టిన పుస్తకం తీసి అతను అట్టపెట్టెలో సర్దాడు.

"నేను పదమూడేళ్ళు సరైన మాటే చెప్పానో, తప్పే చెప్పానో ఇంక నాకెప్పటికీ తెలీదు" అన్నారు మేడమ్.